మిత్రుల భూమి కూడా పోయింది

1813-14 యుద్ధంలో అమెరికాపై తిరగబడినందువల్లే ఆ దేశ ఆగ్నేయ ప్రాంతపు మూలవాసులైన క్రీక్ ప్రజలు తమ భూమిని పోగొట్టుకున్నారన్న వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించలేను. ఆ యుద్ధం మొదట క్రీకుల మధ్యనే రగిలిన అంతర్యుద్ధం. తెల్లవారి పద్ధతులను ఎదిరించిన 'ఎర్ర కర్రల' వర్గం ఒకవైపు నిలిస్తే, దిగువ పట్టణాల క్రీక్ యోధులు అనేకులు హార్స్‌షూ బెండ్ పోరులో అమెరికా సేనాని ఆండ్రూ జాక్సన్ సైన్యం పక్షాన పోరాడారు. అయినా 1814 ఆగస్టులో ఫోర్ట్ జాక్సన్ ఒడంబడిక పేరిట జాక్సన్ తీసుకున్న సుమారు 2.3 కోట్ల ఎకరాలలో ఆ మిత్రుల భూమి కూడా ఉంది, పైగా దానిపై సంతకాలు చేసినవారు దాదాపు అందరూ వారి నాయకులే. నన్ను అన్నిటికన్నా బాధించేది ఇదే. తల్లి వైపు నుంచి వంశాన్ని లెక్కించుకుని, పట్టణమంతా కలిసి మొక్కజొన్న పొలాలు సాగుచేసుకుని, కొత్త పంట పండుగనాడు పాత నిప్పు ఆర్పి కొత్త నిప్పు రాజేసి, హత్య వంటి ఘోరాలు తప్ప పాత తప్పులన్నీ మన్నించుకునే ఆ సమాజానికి భూమి ఒకరు అమ్ముకోగల వస్తువు కాదు. అందుకే 1825లో క్రీకుల జాతి మండలి అనుమతి లేకుండా భూమిని అప్పగించే ఒప్పందంపై సంతకం చేసిన క్రీక్ నాయకుడు విలియం మెకింటోష్‌కు ఆ మండలే మరణశిక్ష విధించి, అదే ఏడాది అమలు చేయించింది.