రెండో వారాన్ని పోగొట్టుకున్న సినిమా హాలు

ఇంట్లో సినిమా చూడటం మేలా, హాలుకు వెళ్లడం మేలా అన్న చర్చ మన దగ్గర తెర సైజుతో మొదలై పాప్‌కార్న్ ధరతో ముగుస్తుంటుంది. విజయవాడ, గుంటూరు వంటి ఊళ్లలో కుటుంబ ప్రేక్షకులు హాలుకు ఎందుకు దూరమయ్యారో తెలియాలంటే మాత్రం చూడవలసింది క్యాలెండర్‌నే.

1921లోనే మారుతీ టాకీస్ వెలసిన విజయవాడ, తరువాతి దశాబ్దాల్లో గాంధీనగర్‌లోని డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులతో తెలుగు సినిమా వ్యాపారానికి కేంద్రమైంది. ఆ రోజుల్లో సినిమా జాతకం మొదటి మూడు రోజుల్లో తేలిపోయేది కాదు. మొదటి వారం కుర్రకారుది. వాళ్లు చూసొచ్చి బాగుందని చెబితే, రెండో వారంలోనో మూడో వారంలోనో ఇంటిల్లిపాదీ బయలుదేరేవారు.

ఇప్పుడు ఆ కుటుంబానికి మిగిలిన వ్యవధి ఎంత? 2022 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవో ప్రకారం నగరపాలక సంస్థల పరిధిలోని మల్టీప్లెక్సుల్లో సాధారణ సీటు ధర 150 రూపాయలు. 18 శాతం జీఎస్టీతో 177, నలుగురికి 708. ఆన్‌లైన్ బుకింగ్ ఛార్జీలు, పార్కింగ్, ఇంటర్వెల్‌లో పిల్లల పేచీ వేరే లెక్క. భారీ బడ్జెట్ సినిమాలకు విడుదలైన నాటి నుంచి పది రోజుల పాటు ఇంకా పెంచుకునే వీలు కూడా ఆ జీవోలోనే ఉంది. పెద్ద హీరో సినిమా వస్తోందంటే పెంపు అనుమతి కూడా వస్తుందని జనం ముందే లెక్క వేసుకుంటున్నారు. మరోవైపు చాలా తెలుగు సినిమాలు నాలుగు వారాలు తిరగకుండానే ఓటీటీలోకి వచ్చేస్తున్నాయి. ఇరవై ఎనిమిది రోజుల్లో పది పెంచిన ధరకే పోతే మిగిలేవి పద్దెనిమిది. ఆలోగా మరో రెండు శుక్రవారాలు వచ్చి, కొత్త సినిమాలు తెరలను పంచుకుని, పాతదానికి పొద్దుటి ఆట ఒక్కటి మిగులుస్తాయి. ఉద్యోగాలకూ బడికీ వెళ్లే ఇంట్లో ఆ ఆటకు ఎవరు వెళ్లగలరు? ‘ఇంకో పది రోజులు ఆగితే ఇంట్లోనే చూడొచ్చుగా’ అనే ఇల్లాలిని తప్పు పట్టలేం.

అయితే ఇంట్లో ఆ సినిమాకు దక్కే మర్యాద అంతంత మాత్రమే. కుక్కర్ కూత దగ్గర ఒకసారి, ఫోన్ మోగినప్పుడు ఒకసారి ఆపి, పక్క గదిలో పిల్లవాడి పరీక్షల కోసం సౌండ్ తగ్గించి, క్లైమాక్స్‌ను మరునాటికి వాయిదా వేసి చూసేదాన్ని సినిమా చూడటం అనడానికి నాకు మనసొప్పదు. హాస్య సన్నివేశానికి ఇది మరీ అన్యాయం. వెనక వరుసలో ఎవరో పగలబడి నవ్వితే వచ్చే నవ్వు సోఫాలో ఒంటరిగా కూర్చుంటే రాదు. బాల్కనీ మెట్లు ఎక్కలేని పెద్దలకూ, ఇక్కడి హాళ్లకు రాని మలయాళ చిత్రాలను తెలుగు డబ్బింగ్‌లో చూసేవారికీ ఓటీటీ చేసిన మేలు మాత్రం కాదనలేనిది.

కుటుంబాలు హాలుకు దూరమైన ఈ పరిస్థితికి హాలు యజమానిని ఒక్కడినే నిందించలేం. సింగిల్ స్క్రీన్లలో పెద్ద సినిమాకు హాలు నిండే తొలి రోజుల్లో యజమానికి దక్కేది నిర్ణీత అద్దె. వసూళ్లు పడిపోయాక పర్సంటేజీ. జనం ఉన్నప్పుడు అద్దె, ఖాళీ కుర్చీల్లో వాటా అన్నమాట. మల్టీప్లెక్సుల మాదిరిగా తమకూ మొదటి నుంచే పర్సంటేజీ కావాలంటూ 2025 మేలో ఎగ్జిబిటర్లు, అంటే హాళ్లు నడిపేవారు, జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామనే దాకా వెళ్లి, తరువాత వెనక్కి తగ్గారు.

2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయలు, అంతకు తక్కువ ఉన్న టిక్కెట్టుపై జీఎస్టీ 5 శాతానికి తగ్గింది. పెంపునకు అనుమతి ఇచ్చే ప్రభుత్వం, పదకొండో రోజు నుంచి అదే సీటును 100 రూపాయలకు అమ్మాలన్న షరతు కూడా పెట్టవచ్చు. అప్పుడు పన్నుతో కలిపి టిక్కెట్టు 105, నలుగురికి 420. నిర్మాతలు ఓటీటీ గడువును ఎనిమిది వారాలకు జరిపితేనే ఈ ధర పనిచేస్తుంది. నాలుగు వారాలే ఉంచితే 105 రూపాయలైనా జనానికి ఎక్కువే అనిపిస్తుంది.