తువ్వాలు వేసిన కేటగిరీ

విజయవాడ బస్టాండులో గుంటూరు బస్సెక్కి, వారధి దాటి, కొండ మీద పానకాలస్వామి గుడి కనపడగానే దిగిపోయేవాళ్లు మంగళగిరి ఎక్కడుందో తమకు తెలుసనుకుంటారు. అమాయకులు. ఆ విషయం తేల్చడానికి ముగ్గురు వాలంటీర్ ఎడిటర్లు 14 నెలలుగా కృషి చేస్తున్నారు. జీతం లేదు, భత్యం లేదు. తేలిందీ లేదు.

వాలంటీర్ అనగానే ఒకటో తారీఖున తెల్లారకముందే పింఛను డబ్బుతో వచ్చిన కుర్రాడు మీకు గుర్తొస్తే తప్పు మీది కాదు. ఆ కుర్రాడు తలుపు కొట్టేవాడు. వీళ్లు తలుపు వేస్తారు.

వీళ్లు పనిచేసేది ఒక వెబ్ డైరెక్టరీలో. పేరెందుకులెండి. సెర్చ్ ఇంజన్లకు ఇంకా బుద్ధి సరిగ్గా రాని రోజుల్లో, మనుషులే ఒక్కో సైటూ తెరిచి చదివి, ఇది ఫలానా అరలో పెట్టాలి అని సర్దేవారు. 1998 జూన్‌లో ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లు గ్నూహూ అని మొదలుపెడితే, అది న్యూహూ అయి, ఆ ఏడాదే నెట్‌స్కేప్ చేతిలో పడి, చివరికి డీమాజ్‌గా స్థిరపడింది. ఈ పని మనుషులే బాగా చేస్తారన్నది వాళ్ల నినాదం. గూగుల్ కూడా చాలాకాలం తన డైరెక్టరీకి సరుకు ఇక్కణ్ణుంచే తెచ్చుకుంది. 2017 మార్చిలో డీమాజ్ మూతపడింది. నాకు ఆ పాత మమకారం చావక, మంగళగిరిలో మగ్గం నేసే మా బాబాయి సైటుని అలాంటి మరో డైరెక్టరీకి పంపించమని సలహా ఇచ్చాను. నేరం నాదే.

సైటు బాబాయి కొడుకు చేశాడు. నిజాం అంచు చీరలు, డ్రెస్ గుడ్డలు, నాలుగు ఫొటోలు, ఫోన్ నంబరు. అంతే. పంపిన మూడో నెలలో గుంటూరు గారి నుంచి జవాబొచ్చింది. (ఎడిటర్లకు సొంత పేర్లుంటాయి గానీ, కేటగిరీ చేతికొచ్చాక అవి వాడుకలో ఉండవు.) "మంగళగిరి, తాడేపల్లి కలిసి 2021లో కార్పొరేషన్ అయ్యాయి. కాబట్టి గుంటూరు కింద ఉపకేటగిరీగా ఉంచడం భావ్యం కాదు. విజయవాడ వారి అభిప్రాయం కోరడమైనది."

విజయవాడ గారు అభిప్రాయం ఇచ్చారు. తాడేపల్లిలో ఉండేవాళ్లు ఎవరడిగినా విజయవాడ అనే చెప్పుకుంటారు కాబట్టి తాడేపల్లి తమదేనట. తాడేపల్లి వస్తే మంగళగిరి దాని వెనకే వస్తుందట. గన్నవరం కృష్ణా జిల్లాలో ఉన్నా అక్కడున్నది విజయవాడ విమానాశ్రయమే కదా అని ఉదాహరణ. గుంటూరు గారికి పౌరుషం వచ్చింది. "ఎన్టీఆర్ జిల్లా మీది. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు కృష్ణా జిల్లాలోనే మిగిలింది. ముందు దాన్ని తెచ్చుకోండి, తర్వాత మంగళగిరి సంగతి చూద్దాం." దీనికి విజయవాడ గారు, 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చిన రాత్రి నరసరావుపేటని పల్నాడుకీ, రేపల్లెని బాపట్లకీ తరలించి గుంటూరు గారికి సాయపడింది ఎవరో గుర్తుచేసుకోమన్నారు. ఆ రాత్రి కదిలిన సైట్లు మొత్తం నాలుగు. వాటిలో రెండు తెరుచుకోవు. అయినా సామాను దించినంత ఆయాసం ఇద్దరికీ ఇంకా తగ్గలేదు. ఈ సంభాషణ జరుగుతున్నంతసేపూ మా బాబాయి సైటు వరసలో నిలబడి ఉంది. బారేజీ మీద ట్రాఫిక్ ఆగితే కృష్ణ వైపు చూస్తూ నిలబడతాం చూడండి, అలా.

చివరికి రాజీ కుదిరింది. ఊరు ఏదైనా చీర చీరే కదా, చీరల కేటగిరీకి పంపేద్దాం అన్నారు.

చీరల గారు భాష తెలిసినవారు. వర్ణనలో విశేషణాలు ఉండకూడదన్నది పాత డైరెక్టరీల నాటి నియమం. మంచిదే. లేకపోతే విజయవాడలో ప్రతి ఇడ్లీ బండీ ప్రపంచంలో నంబర్ వన్ అవుతుంది. మావాడు రాసింది "మూడు తరాలుగా గుంటమగ్గం మీద నేస్తున్న మంగళగిరి నూలు చీరలు". మూడు తరాలు అనడం ప్రచారం కిందికి వస్తుంది, తీసేశారు. గుంటమగ్గం అనవసర వివరం, తీసేశారు. మంగళగిరి వివాదంలో ఉంది కాబట్టి తాత్కాలికంగా తీసేశారు. మిగిలింది: "చీరలు. ఫోన్ నంబరు ఉంది." ఇంత చేసి, ఊరు తేలేదాకా ప్రచురించలేమని పక్కన పెట్టారు.

పల్లెవెలుగు బస్సు ప్లాట్‌ఫారం మీదికి రాకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపే పెద్దమనిషిని మీరు చూసే ఉంటారు. విసిరేసి ఆయన టీకి వెళ్తాడు. ముసలమ్మ నిలబడే ఉంటుంది. కూర్చోబోతే చుట్టూ ఉన్నవాళ్లే, ఎవరో తువ్వాలు వేసుకున్నారమ్మా అంటారు. కేటగిరీ ఎడిటర్ అంటే అదే. నాలుగు నెలలు ఏ మార్పూ చేయకపోతే లాగిన్ పోతుందని డీమాజ్‌లో నియమం ఉండేది, ఇక్కడా ఉంది. అందుకని మూడు నెలల ఇరవై తొమ్మిదో రోజున వచ్చి ఒక కామా తీస్తారు. తర్వాతి విడతలో దాన్ని మళ్లీ పెడతారు. చీరల కేటగిరీ చరిత్ర తెరిచి చూశాను. రెండేళ్లుగా ఒకటే కామా.

సరే, కామా ఆడుకోనివ్వండి. మొన్న అదే చీరల కేటగిరీలో కొత్త సైటు ఒకటి కనపడింది. పవర్‌లూమ్ గుడ్డకి మంగళగిరి అని పేరు పెట్టి అమ్మే సైటు. మంగళగిరి చీరలకి భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరు ఎవడుపడితే వాడు వాడుకోవడానికి లేదు. పంపిన వారానికే చేర్చేశారు. వాడికి మంగళగిరి ఏ జిల్లా, ఏ కార్పొరేషన్ అన్న పేచీ రాలేదు. ఎందుకొస్తుంది? వాడు మంగళగిరిలో లేడు! అసలు మంగళగిరిలో కూర్చుని నేసేవాడికే ఊరు లేదన్నారు. మా బాబాయి గుంటలో కాళ్లు దించి, పొద్దుట్నుంచి చీకటి పడేదాకా తొక్కుడుకర్రలు తొక్కుతాడు. చీరకి రెండు మూడు రోజులు. వాన పడితే గుంటలో చెమ్మ ఊరి పని ఆగిపోతుంది. సాయంత్రం పైకి లేచేటప్పుడు మగ్గం కర్ర పట్టుకుని కాసేపు అలాగే ఆగుతాడు, మోకాళ్లు మాట వినేదాకా. ఆ మనిషి బతుకులోంచి "మూడు తరాలు" కొట్టేయడానికి మీరెవరయ్యా? చదివే తీరిక లేనప్పుడు ఆ తువ్వాలు తీసేయొచ్చు కదా? మిమ్మల్ని ఎవరైనా బతిమాలారా?

క్షమించాలి. విశేషణాలు వాడలేదనే అనుకుంటున్నాను.

పోయిన నెల మావాడికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఆ హడావుడిలో సైటు డొమైన్ డబ్బు కట్టడం మరిచిపోయాడు. సరిగ్గా పది రోజులకు చీరల గారి నుంచి మెయిలొచ్చింది. అంత చురుగ్గా ఆయన స్పందించడం అదే మొదటిసారి. "మీ సైటు పరిశీలించాము. తెరుచుకోవడం లేదు. కావున తొలగించడమైనది."

బాబాయికి ఫోన్లో చదివి వినిపించాను. అటువైపు మగ్గం చప్పుడు ఆగింది.

"తీసేశారా? ఎక్కణ్ణుంచిరా?" అన్నాడు.