మహారాజశ్రీ ఈథర్ గారి సముఖానికి

మహారాజశ్రీ ఈథర్ గారికి,

ఉభయకుశలోపరి. తమరు క్షేమంగానే ఉంటారని తెలుసు. కాంతి అలలను మోయడానికి విశ్వమంతా నిండి ఉందని ఒకప్పుడు నమ్మిన పదార్థం మీరే కదా. మీ అవసరం ఇక లేదని 1905లో ఐన్‌స్టీన్ తేల్చేశాక కూడా, రిటైరైన లక్షణాలు మీలో ఏ కోశానా కనబడవు. కాంతి రహస్యం కనిపెట్టేశానంటూ ఎవరు ముందుకొచ్చినా, నాలుగో పేజీ తిప్పేసరికి మీరు ప్రత్యక్షం. ఒకసారి 'విశ్వశక్తి క్షేత్రం', ఇంకోసారి 'సూక్ష్మ ద్రవం'. పేరు మార్చుకున్నంత మాత్రాన గుర్తుపట్టలేమా?

మీ మీద నాకు కక్షేమీ లేదు. ఒకప్పుడు మీరు మర్యాదగల ఉద్యోగమే చేశారు. నీటి అలకు నీరుంది, శబ్దానికి గాలి ఉంది, మరి సూర్యుడి నుంచి వచ్చే కాంతికి ఏముంది అని అడగడం న్యాయమే. ఆ ఉద్యోగానికి పెట్టిన అర్హతలే మరీ ఘోరం. కాంతి తాను పోయే దిశకు అడ్డంగా ఊగుతుంది. అలాంటి అల ద్రవం లోపల సాగదు, గట్టి పదార్థం ఉండాలి. అదీ సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తాలంటే ఉక్కు కూడా మీ ముందు దిగదుడుపే. అంత గట్టిగా ఉంటూనే, గ్రహాలు మీలోంచి పోతుంటే ఇసుమంత కూడా అడ్డు తగలకూడదు! ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఎలా తల ఊపారో గానీ, ఊపారు.

సరే, 1887లో పరీక్ష పెట్టారు. క్లీవ్‌లాండ్‌లో మైకెల్సన్, మోర్లీ పెద్ద ఇసుకరాతి పలకను పాదరసం మీద తేల్చి, దాని మీద అద్దాలు బిగించారు. వెలుగును రెండు పాయలుగా చీల్చి మళ్లీ కలిపితే చారలు కనబడతాయి; మీరు నిజంగా ఉంటే, రాయి తిరిగేకొద్దీ ఆ చారలు జరగాలి. ఆ రాయి నెమ్మదిగా తిరుగుతుంటే, చూసే మనిషి కన్ను కటకం దగ్గర నుంచి తియ్యకుండా దాంతోపాటే చుట్టూ నడవాలి. వెలుగు చారలు పక్కకు జరుగుతాయా లేదా అన్నదే ప్రశ్న. భూమి సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో మీలోంచి పోతోంది కాబట్టి, చార వెడల్పులో 0.4 వంతు జరగాలని లెక్క. అందులో ఇరవయ్యో వంతు కూడా జరగలేదు.

గమనించారా, మీరు ఫెయిలయ్యారని చెప్పగలిగింది ఆ 0.4 ఉంది కాబట్టే. మీ ఇప్పటి భక్తులు ఆ పొరపాటు చచ్చినా చెయ్యరు.

ఈమధ్య ఒక పీడీఎఫ్ చదివాను. ఫోటాన్, అంటే కాంతి రేణువు, మీలో తిరిగే సుడి అట. ఎర్ర రంగు స్ప్రింగు, దాని చుట్టూ నీలం బాణాలు, కింద మూడు గీతలు కొట్టి 'ఐన్‌స్టీన్ ఇక్కడే పొరబడ్డాడు'. బొమ్మ బాగుంది, కాదనను. ఆ సుడి సైజు ఎంత, ఏ ప్రయోగంలో ఎంత తేడా కనబడాలి అని అడిగితే, 'అది లెక్కలవాళ్లు చూసుకుంటారు' అని జవాబు. మొత్తం పుస్తకంలో సమానం గుర్తు ఒక్కచోటే ఉంది, అదీ E=mc², అదీ తప్పని చెప్పడానికి.

ఇంకొంచెం చదువుకున్న భక్తుడైతే 1920లో ఐన్‌స్టీన్ లైడెన్‌లో చేసిన ప్రసంగం బయటికి తీస్తాడు. 'ఐన్‌స్టీనే ఈథర్ ఉందన్నాడు కదా!' అంటాడు. ఐన్‌స్టీన్ అన్నాడు, నిజమే. ఆ ఈథర్‌కు కదలిక అనేదే అంటగట్టకూడదని కూడా అదే ప్రసంగంలో అన్నాడు. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి అందరికీ ఎందుకో అర్జెంటు పని తగులుతుంది.

'బయటివాళ్ల మాట ఎవరు వింటారు?' అన్నది మరో ఏడుపు. కాంతి అలేనని లెక్కగట్టిన మీ పాత కొలువులోని ఫ్రెనెల్ రోడ్ల ఇంజినీరు. ఆయన లెక్క ప్రకారం గుండ్రటి బిళ్ల నీడ నట్టనడుమ వెలుగు చుక్క రావాలని గణితవేత్త పాయిసన్ తేల్చాడు, ఇంత అసంబద్ధం ఉంటుందా అని కొట్టిపారేయడానికే. అరాగో అనే శాస్త్రవేత్త ప్రయోగం చేసి చూస్తే చుక్క ఉంది. 1924లో ఫ్రాన్స్‌లో ద బ్రాయ్ అనే కుర్ర భౌతికశాస్త్రవేత్త, పదార్థం కూడా తరంగమేనన్నాడు. ఇంతకన్నా పిచ్చి ఊహ ఏముంటుంది? కానీ తరంగం పొడవెంతో లెక్కగట్టే సూత్రం చేతిలో పెట్టాడు. అమెరికాలో నికెల్ మీదికి ఎలక్ట్రాన్లను కొట్టి చూస్తున్న డేవిసన్, జెర్మర్‌ల ప్రయోగంలో గాలి చొరబడి నికెల్ ముక్క పాడైంది. బాగుచేద్దామని గట్టిగా వేడి చేస్తే అందులో పెద్ద స్ఫటికాలు ఏర్పడ్డాయి. ఆ దారిలో పోయి 1927లో 54 వోల్టుల ఎలక్ట్రాన్లు 50 డిగ్రీల కోణంలో గుంపుగా ఎగిరిపడటం చూశారు. ఆ కోణాన్ని బట్టి ఎలక్ట్రాన్ తరంగం పొడవు కొలిస్తే 0.165 నానోమీటర్లు, ద బ్రాయ్ సూత్రం చెప్పింది 0.167. మీ భక్తులు ద బ్రాయ్‌ని తమ కులదైవంగా చెప్పుకుంటారు గానీ, ఈ రెండు అంకెల జోలికి మాత్రం పోరు.

కాబట్టి విన్నపం ఒక్కటే. ఈసారి ఎవరి కలలోకి వెళ్లినా బొమ్మలు ఇంటి దగ్గరే వదిలిపెట్టి, అదే నికెల్ మీద ఎలక్ట్రాన్లు ఏ కోణంలో ఎగురుతాయో రాయించండి. 54 వోల్టులది నేను చెప్పేశాను కాబట్టి కాపీ కొడతారు. 65 వోల్టులది రాయించండి.

ఇట్లు,
మీలో ఈదుతున్నట్టు చెప్పబడుతున్న ఒకడు