ఐక్యతకు ఒక ముహూర్తం

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో యూనిటీ అని ఒక ఊరుంది. పేరుకు అర్థం ఐక్యత. జనాభా రెండు వేలు కూడా లేదు. 2008 జనవరిలో డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నిక జరిగితే ఆ ఊళ్లో బరాక్ ఒబామాకు 107 ఓట్లు వచ్చాయి, హిల్లరీ క్లింటన్‌కూ 107 ఓట్లే వచ్చాయి. మామూలు భాషలో దీన్ని ఊరు నిలువునా చీలడం అంటారు. అధ్యక్ష ఎన్నికల ప్రచార భాషలో మాత్రం దీని పేరు ఐక్యత.

ఆ భాష నేర్చుకోదలచిన వారి కోసమే ఈ వ్యాసం. నాకు అందులో పట్టా ఏమీ లేదు. నాలుగేళ్లకోసారి వచ్చే ఈ తిరునాళ్లను క్రమం తప్పకుండా చూడటం, చూసిన ప్రతిసారీ నమ్మడం, ఇదే నా అర్హత.

ఆ ఏడాది జూన్ 27న ఆ ఇద్దరు నేతలూ యూనిటీకి వచ్చారు. రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో నెలల తరబడి ఒకరి మీద ఒకరు దుమ్మెత్తి పోసుకున్నవారు, హిల్లరీ బరిలోంచి తప్పుకున్న ఇరవై రోజులకు ఒకే విమానం ఎక్కి, ఒకే బస్సు దిగి, ఊరి జనాభాకు మించిన జనం ముందు ఒకే వేదిక మీద నిలబడ్డారు. ఆమె సూటు నీలం. ఆయన టై నీలం. విలేకరులు ఈ సంగతిని ఎంత శ్రద్ధగా నమోదు చేశారంటే, ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఆ సభలో వినిపించిన ప్రసంగాల కన్నా ఆ రంగే బాగా గుర్తుంది. ఆరోగ్య బీమాను అందరికీ తప్పనిసరి చేయాలా వద్దా అని వారిద్దరూ చర్చావేదికల మీద గంటల కొద్దీ కొట్లాడుకున్నారు. ఆ తగువు ఎటు తేలిందన్న ప్రశ్న నీలం రంగు ముందు వెలవెలబోయింది.

పెళ్లికి ముందు లగ్నపత్రిక ఉన్నట్టే ఈ సభకూ ముందురోజు రాత్రి ఒక తంతు జరిగింది. వాషింగ్టన్‌లోని మేఫ్లవర్ హోటల్లో హిల్లరీకి విరాళాలిచ్చిన పెద్దలందరినీ కూర్చోబెట్టారు. ఆమె ప్రచారానికి మిగిలిన అప్పు రెండు కోట్ల డాలర్ల పైమాటే. ఒబామా తన సొంత చెక్కు ఒకటి రాసిచ్చారు: 2,300 డాలర్లు. ఒక మనిషి ఇవ్వడానికి అప్పటి చట్టం ఒప్పుకునే గరిష్ఠ మొత్తం అది. భార్య మిషెల్ పేరిట మరో 2,300. పార్టీ ఐక్యతకు ఇంత కచ్చితమైన ధర నాకు చరిత్రలో మరెక్కడా దొరకలేదు. మిగిలిన బాకీ మాటేమిటని అడిగితే అది ఐక్యతను శంకించడం అవుతుంది.

ఇంత చేసినా మీడియాకు నమ్మకం కుదరలేదు. ఆగస్టులో డెన్వర్‌లో, అభ్యర్థిని లాంఛనంగా ఎన్నుకునే పార్టీ జాతీయ మహాసభ జరిగింది. ప్రతినిధుల కన్నా విలేకరులే ఎక్కువగా వచ్చిన సభ అది. హిల్లరీ అభిమానుల్లో కొందరు అప్పటికే ‘ప్యూమా’ పేరుతో దండు కట్టారు. ఆ పొడి అక్షరాల విస్తరణ ‘పార్టీ ఐక్యత’ అనే మాటతో గౌరవంగా మొదలై, మనం కుర్చీ మీద ఆనించే శరీర భాగంతో ముగుస్తుంది. వేల మంది నిలబడి చప్పట్లు కొడుతున్న హాల్లో చేతులు కట్టుకుని కూర్చున్న మనిషి ఎక్కడున్నారా అని కెమెరాలు వెతికాయి. అలాంటి ఒక్క మనిషి దొరికితే ఆ పూటకు భోజనం దొరికినట్టే. ఆగస్టు 27న రాష్ట్రాల వారీగా ఓట్లు చదువుతూ న్యూయార్క్ వంతు రాగానే హిల్లరీయే మైకు అందుకుని, ఇక లెక్క ఆపి ఒబామాను ఏకగ్రీవంగా ఎన్నుకుందామని ప్రతిపాదించారు. దాంతో మిగిలిన ప్రశ్న ఒక్కటే: మనస్ఫూర్తిగా అన్నారా, మర్యాదకు అన్నారా? నవంబరులో ఎగ్జిట్ పోల్స్ చూస్తే పదిమంది డెమోక్రాట్లలో దాదాపు తొమ్మిది మంది ఒబామాకే ఓటు వేశారు. పార్టీ చీలిపోతుందేమోనన్న దిగులుతో వేసవంతా నిద్ర మానుకున్న విశ్లేషకులు ఈ లెక్క మీద ఒక పూటంతా చర్చ పెట్టినట్టు నాకైతే గుర్తులేదు.

మీడియాను నిందించడం నా ఉద్దేశం కాదు. వారి ఇబ్బంది వారిది. అన్నదమ్ములు కలిసి భోంచేశారన్నది వార్త కాదు. భోంచేశారు కానీ తమ్ముడు పెరుగు వేసుకోలేదన్నది వార్త. ఎందుకు వేసుకోలేదన్నది చర్చ. తమ్ముడికి చిన్నప్పటినుంచీ పెరుగు పడదని తల్లి చెబితే అది ఖండన. ఖండించారంటే లోపల ఏదో ఉన్నట్టే.

పెరుగు వేసుకోని తమ్ముడికి శాస్త్రోక్తమైన ఉదాహరణ ఎడ్వర్డ్ కెన్నెడీ. 1980 ఆగస్టు 14, న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్. పదవిలో ఉన్న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ మీద సొంత పార్టీలోనే పోటీకి దిగి, తొమ్మిది నెలలు పోరాడి ఓడిన మనిషి ఆయన. ఆ రాత్రి కార్టర్ గ్రహస్థితి అసలే బాగోలేదు. తమ పార్టీ పెద్ద, కీర్తిశేషుడు హ్యూబర్ట్ హొరేషియో హంఫ్రీని స్మరించబోయి, తడబడి, ఒక నవలలోని నావికుడి ఇంటిపేరు తగిలించి హార్న్‌బ్లోవర్ అన్నారు. ప్రసంగం ముగిశాక పైనుంచి కురవవలసిన బెలూన్లు వలలోనే చిక్కుకుని నాలుగైదు చొప్పున బద్ధకంగా రాలాయి. అయినా అందరూ ఓపిక పట్టారు, ఎందుకంటే అసలు ఘట్టం ఇంకా మిగిలే ఉంది. అలక పాన్పు దిగి కెన్నెడీ రావాలి.

హోటల్ నుంచి ఆయన వచ్చేసరికి వేదిక నిండా నాయకులే. కార్టర్ చెయ్యి చాచారు. కెన్నెడీ చెయ్యి కలిపారు. అమెరికా సంప్రదాయం ప్రకారం కలిసిన చేతులు అక్కడితో ఆగకూడదు, తల పైకి లేవాలి. గెలిచినవాడి చెయ్యీ ఓడినవాడి చెయ్యీ కలిసి గాలిలో నిలవాలి, ఫొటోగ్రాఫర్లు తనివితీరా తీసుకోవాలి. లేవలేదు. కెన్నెడీ పక్కకు జరిగి మరొకరిని పలకరించారు. కార్టర్ అటు వెళ్లారు. కెన్నెడీ ఇటు వచ్చారు. ప్రపంచంలోకెల్లా బలమైన దేశానికి అధ్యక్షుడు, అణ్వాయుధాల మీట చేతిలో ఉన్నవాడు, ఒక సెనేటర్ మోచేతి కోసం వేదిక చుట్టూ ప్రదక్షిణ చేయడాన్ని దేశం మొత్తం చూసింది. నవంబరులో రొనాల్డ్ రీగన్ 44 రాష్ట్రాలు గెలిచారు. ద్రవ్యోల్బణం, టెహరాన్‌లో బందీలుగా ఉన్న 52 మంది అమెరికన్లు, పెట్రోలు ధరలు, ఇవీ కారణాలని చరిత్రకారులు రాస్తుంటారు. టీవీ చూసినవారికి అసలు కారణం తెలుసు. చెయ్యి లేవలేదు.

పూర్వం ఇంత అభినయం అక్కరలేదు. 1924లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే పేరుగల పాత భవనంలో డెమోక్రాట్లు పదహారు రోజులు, 103 రౌండ్లు ఓట్లు వేసుకున్నారు. మహాసభలు రేడియోలో వినిపించిన మొదటి ఏడాది కూడా అదే. రౌండు మొదలైన ప్రతిసారీ అలబామా ప్రతినిధి లేచి తమ 24 ఓట్లూ తమ సెనేటర్ అండర్‌వుడ్‌కేనని ఎలుగెత్తి చెప్పేవారు. దేశంలో పిల్లలకు కూడా ఆ వాక్యం కంఠతా వచ్చేసి ఉంటుంది. చివరికి నెగ్గిన జాన్ డేవిస్ నవంబరులో చిత్తుగా ఓడిపోయారు. ఇంటి గుట్టు లంకకు చేటన్నది పార్టీలకు అప్పుడే అర్థమైంది. 1952లో టీవీ కెమెరాలు మహాసభలను దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి చూపించాయి. ఆ ఏడాది డెమోక్రాట్లకు మూడు రౌండ్లు పట్టింది. ఆ తర్వాత ఈనాటి వరకు అధ్యక్ష అభ్యర్థి ఎంపికలో రెండు ప్రధాన పార్టీల మహాసభ ఏదీ రెండో రౌండుకు వెళ్లలేదు. కెమెరా కన్ను పడగానే భిన్నాభిప్రాయం ఎంత వేగంగా అంతరించిపోయిందో చూడండి. జీవశాస్త్రజ్ఞులు పరిశోధించదగిన విషయం.

మధ్యలో 1972లో మాత్రం ఒకసారి తిరగబెట్టింది. మయామీ బీచ్‌లో డెమోక్రాట్లు మరీ నిజాయితీకి పోయి, ఉపాధ్యక్ష పదవికి చైనా నేత మావో పేరు సహా ఎవరికి తోచిన పేరు వారు చెప్పుకుంటూ కూర్చుంటే, అభ్యర్థి జార్జ్ మెక్‌గవర్న్ ప్రసంగం తెల్లవారుజామున మూడు కావస్తుండగా మొదలైంది. వినవలసిన దేశం అప్పటికే నిద్రపోయింది. మరుసటి నెల అదే ఊళ్లో రిపబ్లికన్ల మహాసభ. అందులో ఎవరు ఎప్పుడు లేవాలో, జనం ‘ఆకస్మికంగా’ ఎన్ని నిమిషాలు ఉప్పొంగిపోవాలో రాసుకున్న కాగితాలు పత్రికలవారి చేతికి చిక్కాయి. వారి అభ్యర్థి నిక్సన్ 49 రాష్ట్రాలు గెలిచారు.

రిపబ్లికన్లకు ఈ విద్యలో ఉన్న సాధన వేరు. తోటి రిపబ్లికన్‌ను నిందించరాదన్నది రీగన్ నోట ప్రసిద్ధికెక్కిన పదకొండో ఆజ్ఞ. 1980 ప్రైమరీల్లో జార్జ్ బుష్ అదే రీగన్ ఆర్థిక విధానాన్ని ‘వూడూ’ అన్నారు, అంటే చేతబడి. ఆ వేసవిలోనే రీగన్ పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థిగా చేరి, తర్వాత ఎనిమిదేళ్లు ఆ చేతబడికి పసుపు కుంకుమలు అందించారు.

అయితే ఈ కళను శిఖరానికి చేర్చింది టెక్సస్ సెనేటర్ టెడ్ క్రూజ్. 2016 ప్రైమరీల్లో డొనాల్డ్ ట్రంప్ ఆయన భార్య రూపాన్ని వెక్కిరించారు, ఆయన తండ్రికి అధ్యక్షుడు జాన్ కెన్నెడీ హంతకుడితో ముడిపెట్టారు. క్రూజ్ కూడా ట్రంప్‌ను పచ్చి అబద్ధాలకోరు అన్నారు. జులై 20న క్లీవ్‌లాండ్ మహాసభలో ఆయనకు మైకు ఇచ్చారు. మద్దతు ప్రకటిస్తారని అందరూ ఎదురు చూస్తుండగా, మీ మనస్సాక్షి ప్రకారం ఓటు వేయండి అన్నారు. అంతే, హాలు దద్దరిల్లింది. మనస్సాక్షి అన్న మాట వినగానే అది తమ అభ్యర్థికి వ్యతిరేకమని వేల మంది ఒక్క క్షణంలో, ఎవరూ చెప్పకుండానే గ్రహించారు. ఆ వారం మొత్తంలో పార్టీ ఏకాభిప్రాయానికి వచ్చిన ఘట్టం అదొక్కటేనని నా అంచనా. సరిగ్గా అప్పుడే ట్రంప్ హాల్లోకి నడిచి వచ్చారు. కెమెరాలకు ఏ ముఖం చూపాలో తెలియలేదు.

మర్నాడు ఉదయం సొంత రాష్ట్రం ప్రతినిధులకు క్రూజ్ సంజాయిషీ ఇచ్చుకున్నారు. నా భార్యనూ తండ్రినీ తిట్టినవాడి వెంట కుక్కపిల్లలా వెళ్లడం నావల్ల కాదన్నారు. వెళ్లలేదు కూడా. రెండు నెలలు వెళ్లలేదు. సెప్టెంబరు 23న, ప్రార్థించి, మనస్సాక్షిని వెతికి చూసుకుని, ట్రంప్‌కు ఓటు వేస్తానని ప్రకటించారు. అంటే మనస్సాక్షి ప్రకారమే. అక్టోబరులో ఒక ఫొటో వచ్చింది: బల్ల ముందు కూర్చుని ట్రంప్ కోసం ఓటర్లకు ఫోన్లు చేస్తున్న క్రూజ్. ఆ ముఖం మీరు ఒకసారి చూడాలి. పన్ను పీకించుకోవడానికి వరసలో కూర్చున్నవారి ముఖంలో కూడా అంతకన్నా ఆశ ఉంటుంది.

మళ్లీ జూన్ 27 దగ్గరికి వద్దాం. 2019లో అదే తేదీన మయామీలో డెమోక్రటిక్ ఆశావహుల చర్చ. నల్లజాతి పిల్లలను బస్సుల్లో తెల్లవారి బడులకు పంపే విధానాన్ని ఒకప్పుడు వ్యతిరేకించినందుకు జో బైడెన్‌ను కమలా హారిస్ అందరి ముందూ నిలదీశారు. ఆ బస్సెక్కిన పిల్లను నేనేనన్నారు. బైడెన్ శిబిరం నొచ్చుకుంది. మరుసటి ఏడాది జులై 28న బైడెన్ విల్మింగ్టన్‌లో విలేకరుల ముందుకు వచ్చినప్పుడు ఆయన చేతిలోని కాగితం మీద ఒక కెమెరా కన్ను పడింది. పైన హారిస్ పేరు. కింద చేతిరాతతో కొన్ని ముక్కలు. మొట్టమొదటిది: పగ పెట్టుకోవద్దు.

ఐక్యత మీద నేను చదివిన వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఈ చీటీ. విలేకరులు అడిగితే చెప్పడానికి రాసుకున్నారో, తనకు తానే చెప్పుకోవడానికి రాసుకున్నారో తెలియదు. ఏదైతేనేం, పాలు, కూరగాయలు, పగ పెట్టుకోవద్దు అన్నట్టుగా పగను కూడా చీటీలో చేర్చుకున్న మనిషి మీద నాకు గౌరవం కలిగింది. రెండు వారాలకు హారిస్ ఉపాధ్యక్ష అభ్యర్థి అయ్యారు.

2024లో మళ్లీ జూన్ 27. అట్లాంటాలో బైడెన్, ట్రంప్ వాదప్రతివాదం. బైడెన్ మాట తడబడింది, వాక్యాలు మధ్యలో తెగిపోయాయి. ఆ రాత్రి పార్టీ ప్రతినిధులు కెమెరాల ముందు ఒకే గొంతుతో, ఒక పూట బాగోలేదంతే అన్నారు. మర్నాటి నుంచి అదే పార్టీలో పేరు చెప్పడానికి ఇష్టపడని పెద్దలు, పేరు చెప్పడానికి ఇష్టపడుతున్న పెద్దలు, చెప్పాలా వద్దా అని ఊగిసలాడే పెద్దలు అని మూడు తెగలు పుట్టుకొచ్చాయి. ఇరవై నాలుగు రోజులకు బైడెన్ తప్పుకున్నారు. చచ్చినవాడి కళ్లు చారెడన్న సామెత అమెరికాలోనూ ఉందేమో, ఆ నిమిషం నుంచి ఆయన మహాత్యాగి. ఆగస్టు 19న షికాగో మహాసభలో ప్రతినిధుల చేతుల్లో ‘వియ్ లవ్ జో’ ప్లకార్డులు. అంత ప్రేమను ప్రకటించడానికి సమయం చాలక ఆయన ప్రసంగం వాషింగ్టన్ కాలమానంలో రాత్రి పదకొండు దాటాక మొదలైంది.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. జూన్ 27ను పార్టీ ఐక్యతా దినంగా ప్రకటించాలి. ఉత్సవం ఏటా యూనిటీలోనే జరపాలి. వచ్చినవారందరికీ ప్రవేశద్వారం దగ్గర ఒకే రంగు టైలు ఇవ్వాలి. కార్టర్ స్మృత్యర్థం వేదికను గుండ్రంగా కట్టాలి, ప్రదక్షిణకు వీలుగా ఉంటుంది. ప్రతి కుర్చీ మీదా ఒక చీటీ, దాని మీద ఏం రాసి ఉండాలో మళ్లీ చెప్పనక్కరలేదు. 2028లో జూన్ 27 మంగళవారం పడుతోంది. శుభకార్యానికి మంగళవారమేమిటని మనవారు గొణగవచ్చు కానీ, ఎన్నికలనే నవంబరు మంగళవారానికి కట్టేస్తూ 1845లోనే చట్టం చేసుకున్నవారికి ఆ పట్టింపు ఉండదు. ఊరు చిన్నది కనుక జనాన్ని అదుపులో ఉంచాలి. రెండు వర్గాలకూ 107 చొప్పున పాసులిస్తే సరిపోతుంది. మిగతా మైదానమంతా విలేకరులకు వదిలేయాలి.