అభిమానికి చెవులుండాలి

ఊళ్లో పద్యనాటకం, రాయబారం సీను. కృష్ణుడు సభలో నిలబడి ‘చెల్లియో చెల్లకో’ ఎత్తుకున్నాడు. రెండో పాదంలో ఒక మాట జారింది. హార్మోనియం వాయించేవాడు తలెత్తి చూసేలోపే ముందు వరసలో గోనెపట్టాల మీద కూర్చున్న నలుగురైదుగురు ఆ మాట అందించేశారు. వాళ్లలో మా తాతయ్య ఒకడు. మూడో తరగతితో బడి మానేసి అరకపట్టిన మనిషి. తెల్లవారుజామున ఇంటికి నడిచొస్తూ ఆయన ఆ కృష్ణుణ్ణి తిట్టలేదు. ‘గొంతు బంగారంరా, కానీ మాట మింగేశాడు’ అన్నాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. అభిమానం అంటే ఏమిటని ఇప్పుడెవరు అడిగినా నాకు ఆ ఒక్క వాక్యమే గుర్తొస్తుంది.

మన అభిమానం ఇప్పుడెక్కడికి వచ్చిందో కొత్తగా చెప్పక్కర్లేదు. 2024 డిసెంబరులో హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ప్రీమియర్ షో దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. దాని మీద కేసులు, చర్చలు, ఆరోపణలు అందరం చూశాం. జనాన్ని అదుపు చేయడం పోలీసుల పని, థియేటర్ల పని. నా బాధ వేరు. హీరో కోసం ప్రాణమిస్తాననే కుర్రాణ్ణి ‘నిన్న చూసిన సినిమాలో మీవాడు ఏ సీను బాగా చేశాడు, ఎందుకు బాగుంది?’ అని అడగండి. వసూళ్లలో నైజాం షేర్ ఎంతో చెబుతాడు. సీడెడ్ ఎంత, ఓవర్సీస్ ఎంత, ఏ రికార్డు చెరిగిపోయిందో చెబుతాడు. నటన గురించి ఒక్క ముక్క చెప్పలేడు. తప్పు వాడిది కాదు. నటనను ఎలా చూడాలో, మాటను ఎలా వినాలో వాడికి ఎవరూ నేర్పలేదు.

ఒకప్పుడు నేర్పింది పద్యనాటకం. తిరుపతి వెంకటకవుల పాండవోద్యోగ విజయాలు ఊరూరా ఆడిన రోజుల్లో పేరున్న నటులను ఎక్కడెక్కడి నుంచో కుదిర్చి ఆడించే కంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు కనబడేవారు. పడక సీనుకొకరు, రాయబారానికొకరు. ఒకే పాత్రను ఒకే రాత్రి ముగ్గురు గొంతుల్లో వినడం ప్రేక్షకుడికి ఎంత పెద్ద చదువో ఆలోచించండి! ఎవరి రాగం ఎక్కడ తేలింది, ఎవరి మాట ఎక్కడ మునిగింది, ఎవరు నవ్వితే దుర్యోధనుడికి ఒళ్లు మండింది అనేది అక్కడికక్కడే పోల్చుకునేవాళ్లు. ‘వన్స్ మోర్’ అన్న కేక ఊరికే పుట్టలేదు. అది తీర్పు. పద్యం కంఠతా వచ్చినవాడు ఇచ్చే తీర్పు.

ఆ తీర్పుకి భయపడే నటులు ఎదిగారు. నాకు పీసపాటి నరసింహమూర్తి అంటే ప్రాణం. రాగం కోసం పద్యాన్ని సాగదీసి, ఆఖరికి అర్థమే వినబడకుండా చేసే అలవాటు బలంగా ఉన్న రోజుల్లో, ఆయన కృష్ణుడు మాట్లాడినట్టు పద్యం చదివాడు. దుర్యోధనుణ్ణి ‘బావా’ అని పలకరించడంలోనే రాబోయే యుద్ధమంతా వినిపించాలి. అది ఆలాపనతో రాదు, మాట విరుపుతో వస్తుంది. అంతకు చాలా ముందే బళ్లారి రాఘవ పాటల జోరు తగ్గించి నటనకు చోటివ్వాలని పోరాడాడు. ఆయన వృత్తిరీత్యా వకీలు, అందుకేనేమో మాట విలువ అంత బాగా తెలుసు.

స్థానం నరసింహారావు సంగతి ఇంకా అబ్బురం. బాపట్ల నుంచి వచ్చిన ఒక మగవాడు సత్యభామగా రంగం మీదికొస్తే ఆడవాళ్లు ఆయన చీరకట్టు చూసి నేర్చుకునేవారట. 1956లో పద్మశ్రీ వచ్చింది. ‘మీరజాలగలడా’ పాటను ఆయన ఊళ్లోకి తీసుకెళితే, 1966లో అదే పాట సుశీల గొంతుతో, జమున సత్యభామగా తెర మీదికొచ్చింది. రంగస్థలం ఇచ్చింది కాబట్టే తెర తీసుకుంది.

ఇక ‘సత్య హరిశ్చంద్రీయం’ కాటి సీను. నాటకం రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం. కానీ కాటి సీనులో జనం ఊపిరి బిగబట్టి ఎదురుచూసింది గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాల కోసం. ఏ సాహిత్య సభా తీర్మానం చేసి వాటిని అక్కడ పెట్టలేదు. నటులు తెచ్చిపెట్టారు, జనం తీసి పక్కన పెట్టనివ్వలేదు. కులం పేరు చెప్పి జాషువాను గడప బయట నిలబెట్టిన ఊళ్లే అర్ధరాత్రి ఆయన పద్యానికి ‘వన్స్ మోర్’ అన్నాయి. తెలుగు సమాజంలో ఇంతకు మించిన సంఘటన నాకు తెలిసి చాలా తక్కువ. మనిషిని ఒప్పుకోని చోట మాట గెలిచింది. దాన్ని గెలిపించింది నటుడి గొంతు, ప్రేక్షకుడి చెవి. డి.వి.సుబ్బారావు హరిశ్చంద్రుడి క్యాసెట్ మా ఇంట్లో అరిగిపోయేదాకా తిరిగింది. టేప్ చిక్కుబడితే మా అమ్మ పెన్సిలు పెట్టి ఓపికగా తిప్పి సరిచేసేది.

సినిమా ఈ చెవిని చంపేసిందంటే నేను ఒప్పుకోను. తొలి రోజుల సినిమా దాన్ని పెంచింది. ఎందుకంటే వచ్చినవాళ్లంతా స్టేజీ మీద నలిగినవాళ్లే. ఎస్.వి.రంగారావు కాకినాడ నాటకాల నుంచి వచ్చాడు. అక్కినేని ఆడవేషాలు వేసి వచ్చాడు. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు నాటకాలు రాసి వచ్చాడు. అందుకే ‘పాతాళభైరవి’లో రంగారావు పలికిన ‘డింభకా’ లాంటి పుస్తకాల మాట 1951 తర్వాత వీధుల్లో గోళీలాడే పిల్లల నోళ్లలోకి వచ్చేసింది. ‘వీరతాళ్లు’ కూడా అంతే. నిఘంటువు చేయలేని పని రంగారావు గొంతు చేసింది.

1957 నాటి ‘మాయాబజార్’ చూడండి. ఘటోత్కచుడు శశిరేఖగా మారతాడు. అంటే సావిత్రి ఇప్పుడు శశిరేఖ కాదు, శశిరేఖ వేషంలో ఉన్న రంగారావు. రెండు పదుల వయసు దాటీ దాటని అమ్మాయి. సుకుమారంగా నడుస్తూ నడుస్తూ ఒక్కసారి భుజం విరుస్తుంది, గద పట్టుకున్నట్టు చెయ్యి బిగుస్తుంది, కళ్లలోకి ఒక గర్వం వస్తుంది, వెంటనే సిగ్గు ముసుగు కప్పేసుకుంటుంది. ఆ క్షణంలో తెర మీద రంగారావు లేడు, కానీ మనకు కనబడుతూనే ఉంటాడు. ఇది చూడాలంటే ప్రేక్షకుడికి రంగారావు నడక ముందే గుర్తుండాలి. ఆ సీను అంత పండిందంటే అప్పటి నేల టిక్కెట్టువాడు కూడా నటుడి నడకను అంత జాగ్రత్తగా చూశాడనే అర్థం. సావిత్రిని మహానటి అన్నది ముందు వాళ్లే.

పాతరోజులు అంత పవిత్రమా అని అడిగేవాళ్లున్నారు. అడగాలి. పద్యం మొదలెడితే పావుగంట రాగం తీసే వెర్రి అప్పుడూ ఉంది, ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానులు ఊళ్లల్లో తలలు పగలగొట్టుకున్నదీ నిజమే. ఈ తరానికి దాని భాష దానికుంది, మీ పద్యాలు దాని నెత్తిన రుద్దకండి అనేవాళ్ల కోపం కూడా నాకు అర్థమవుతుంది. అయినా నా మాట మారదు. ఆ కొట్లాటలు కొట్టుకున్నవాళ్లు కూడా 1977 తర్వాత ‘దానవీరశూరకర్ణ’లో కొండవీటి వెంకటకవి సంభాషణలు ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పేవారు. అంత పొడుగు మాటను ఎన్టీఆర్ ఎక్కడ ఆపాడో, ఎక్కడ ఎత్తాడో వాళ్లకు తెలుసు. ఇవాళ్టి అభిమాని నుంచి నేను అడిగేది అదొక్కటే. వాడి హీరోనే ప్రేమించమనండి, కానీ వినమనండి.

వినడం నేర్పాల్సింది బడి. అక్కడే మనం దారుణంగా ఓడిపోతున్నాం. తెలుగు పరీక్షలో ‘పద్యం పూరించి భావం రాయండి’ అంటాం. పద్యం చదవమని ఎవరూ అడగరు. పన్నెండేళ్ల పిల్లకు ఒక పద్యం మీద పూర్తి మార్కులు వస్తాయి, ఒక్కసారైనా అది నోరారా పలకకుండానే. యతి దగ్గర ఆగాలా, వాక్యం దగ్గర ఆగాలా అని పంతులుగారు క్లాసులో ఒక్కసారైనా వాదించరు. పద్యం కాగితం మీది నల్ల గీతలైపోయింది. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా కథ ఒకటే. వందకి పది మార్కులు, పది చాలు, గట్టిగా చదవడానికి పెట్టమనండి. ఒక పద్యం, ఒక నాటకం ముక్క, ఒక మంచి సినిమా సంభాషణ. ఏదైనా సరే. ప్రతి జిల్లాలో ఇంకా రంగు తుడవని పద్యనాటక కళాకారులున్నారు. నెలకొక్కసారి వాళ్లను బడికి పిలిచి, దారిఖర్చులిచ్చి, పిల్లల ముందు నిలబెట్టమనండి. 1885లో కడప జిల్లా సురభి ఊళ్లో మొదలైన నాటక కుటుంబాల వారసులు ఇప్పటికీ ఆడుతున్నారు. కొన్ని తరాల పిల్లలు ఆ గుడారాల్లో నడక రాకముందే మాట నేర్చుకున్నారు. వాళ్లకంటే మంచి మాస్టర్లు ఏ బీఈడీ కాలేజీలో దొరుకుతారు?

విగ్రహాలకు మనకు డబ్బులున్నాయి. కూడళ్లలో ఎన్టీఆర్, ఏఎన్నార్, రంగారావు నిలబడే ఉన్నారు. పూలదండలు జయంతికి ఒకసారి, వర్ధంతికి ఒకసారి పడతాయి. వాళ్లు మనకిచ్చింది గొంతు. రాతికి గొంతు లేదు.

మొన్న సంక్రాంతికి మా అక్క కూతురు వచ్చింది. ఏడేళ్లు, అమెరికాలో పుట్టింది, తెలుగు అర్థమవుతుంది కానీ తక్కువ మాట్లాడుతుంది. మాయాబజార్ పెట్టాను. పాటలు పెద్దగా పట్టించుకోలేదు, చేతిలో జంతికలు నములుతూ ఇటూ అటూ చూస్తోంది. సావిత్రి భుజం విరిచిన చోట చెయ్యి ఆపేసింది. ‘మామయ్యా, ఆవిడెందుకు ఆ పెద్దాయనలాగా నడుస్తోంది?’ అంది. నేను నోరు తెరిచేలోపే రిమోట్ నా ఒళ్లో పడేసి, ‘మళ్లీ పెట్టు’ అంది.