టీచర్లకు ఊపిరి సలిపితే కదా!

మొన్న ఫీజు కట్టడానికని దిల్‌సుఖ్‌నగర్ వైపు ఉన్న మా వాడి స్కూలుకి వెళ్లాను. నాలుగంతస్తుల బిల్డింగు, గ్రౌండ్ లేదు (ఉందంటారు, డాబా మీద). రెండో అంతస్తు వరండాలో ఏడో తరగతి పిల్లాడొకడు పిడికిళ్లు బిగించి నిలబడ్డాడు, పక్కవాణ్ని కొట్టాడట. ఎదురుగా మేడమ్ "ముందు కూల్ అవ్వు, కూల్ అవ్వమంటున్నానా!" అని కింది ఫ్లోర్‌కి వినబడేలా అరుస్తున్నారు. వాడు ఇంకాస్త బిగుసుకున్నాడు. ఇంతలో ఆయమ్మ వచ్చి, ఏం జరిగిందని కూడా అడక్కుండా, స్టీలు గ్లాసుతో నీళ్లు వాడి చేతిలో పెట్టి పక్కనే మెట్టు మీద కూర్చుంది. "గిప్పుడేం చెప్పకు బిడ్డా, ముందు తాగు." సగం గ్లాసు అయ్యేసరికి వాడి భుజాలు దిగాయి. అప్పుడు ఏడ్చాడు.

మేడమ్‌ని తప్పుపట్టడానికి ఇది చెప్పట్లేదు. ఆవిడకి ఉన్న ఒక్క లీజర్ పీరియడూ ఆ రోజు రాని టీచర్ క్లాసుకి పోయిందట, పైగా కరెక్షన్లు, వాట్సాప్ గ్రూపులో తల్లిదండ్రుల ప్రశ్నలు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, స్టాఫ్‌రూమ్ టెన్షన్ అంతా క్లాసులోకి వస్తుంది.

పిల్లలకు భావోద్వేగాలను సంభాళించుకోవడం నేర్పాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది, ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018లోనే హ్యాపీనెస్ క్లాసులు మొదలయ్యాయి. బాగానే ఉంది, మరి నేర్పేవాళ్ల సంగతేంటి? బ్రిటన్‌లో మిరియాడ్ అని ఒక పెద్ద పరిశోధన జరిగింది, 85 స్కూళ్లు, 8 వేలకు పైగా పిల్లలు. ముందు టీచర్లకు మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీదే ధ్యాస నిలపడం) నేర్పి, వాళ్లతో పిల్లలకు పాఠాలు చెప్పించారు. 2022లో ఫలితాలు వచ్చాయి: పిల్లల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, చాలామంది ఇంటి దగ్గర సాధనే చేయలేదు. టీచర్లలో మాత్రం, కొంతకాలమైనా, ఆ నలిగిపోయిన అలసట తగ్గింది. చూశారా ఇదంతా దండగ అనేవాళ్లు ఉంటారు. నాకైతే ఎక్కడ మొదలుపెట్టాలో అందులోనే కనబడింది.

కోపం, టెన్షన్ దింపుకునే టెక్నిక్‌లు బ్రహ్మవిద్యేం కాదు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం. వదిలేది ఎక్కువసేపు ఉంటే మెదడు నుంచి గుండె దాకా వెళ్లే వేగస్ నాడి పనిచేసి గుండె వేగం తగ్గుతుంది. కాకపోతే కొట్టుకున్నాక నేర్పితే ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే, రోజూ అటెండెన్స్ అయ్యాక ఒక్క నిమిషం, టీచర్ కూడా కలిసి చేస్తేనే ఒంటబడుతుంది. "నోర్మూసుకుని కూర్చో" అంటే అణచుకోవడం మాత్రమే వస్తుంది, పైకి నిశ్శబ్దం, లోపల ఉడుకు అలాగే.

ఇంకోటి, దీనికి రూపాయి ఖర్చు లేదు: లోపల ఏమవుతోందో దానికి పేరు పెట్టడం. ఇంగ్లిష్ మీడియం పిల్లల్ని అడిగితే 'అప్‌సెట్' అంటారు, అంతే. మన దగ్గర చిరాకు, అలక, రోషం, ఉక్రోషం, బెంగ, చిన్నబుచ్చుకోవడం, ఇన్ని మాటలున్నాయి, ఒక్కోటీ వేరు, ఒక్కోదానికి మందూ వేరు. అమ్మమ్మ ఊరెళ్లిందని బెంగపడ్డవాడికి కోపం తగ్గించుకోమని చెబితే ఏం లాభం? అందరి ముందు చిన్నబుచ్చుకున్నవాణ్ని క్లాసు బయట నిలబెడితే అది ఉక్రోషమవుతుంది. ఆ పిల్లాడి కథ బహుశా అదే. విద్యాహక్కు చట్టం 2009లో కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది, బయట నిలబెట్టడం అందులోకి వస్తుందని మాత్రం ఎవరూ అనుకోరు.

విశాఖలో నీట్ విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు పైన విద్యార్థులుంటే కనీసం ఒక కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. బోధించేవాళ్లకే కాదు, బోధనేతర సిబ్బందికీ ఏటా రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. కౌన్సెలర్‌ని పెట్టామని బోర్డు కట్టుకోవడం తేలిక. ఆ రెండో మాట దగ్గరే మనవాళ్లు జారిపోతారు. బస్సు డ్రైవరు, వాచ్‌మన్, ఆయమ్మ, పిల్లాడు రోజు మొదలుపెట్టేదీ ముగించేదీ వీళ్ల ముందే కదా.

మా వాడి స్కూల్లోనూ ఆ మధ్య ఓ శనివారం స్టాఫ్‌కి ట్రైనింగ్ జరిగింది. ఏం చెప్పారని ఆయమ్మనే అడిగాను.

"నాకేమెరుక సార్, నన్ను చాయ్ పెట్టుమన్నరు."