డేటా పాడుచేస్తున్న మన ఓటరు

రాజనీతి శాస్త్రం చదివినవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. పాపం వాళ్ళు ఓటరు గురించి, అంతర్యుద్ధాల గురించి దశాబ్దాలుగా లెక్కలు కడుతూనే ఉన్నారు, మనవాళ్ళు మాత్రం ఒక్క ఎన్నికలో కూడా ఆ లెక్కకి లొంగి నడుచుకున్న పాపాన పోలేదు.

1957లో అమెరికా ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ తేల్చిన లెక్కే తీసుకోండి. నీ పార్టీ గెలిస్తే నీకొచ్చే లాభం ఎంతో చూసుకో, దాన్ని నీ ఒక్క ఓటుతో ఫలితం తారుమారయ్యే అవకాశంతో గుణించు, అందులోంచి బూత్‌దాకా వెళ్ళొచ్చే ఖర్చు తీసెయ్. లక్షల ఓట్లలో ఆ అవకాశం దాదాపు సున్నా కాబట్టి చివరికి మిగిలేది నష్టమే, బుద్ధున్నవాడు ఫ్యానేసుకుని పడుకోవాలి. 2024 మే 13న తెలుగు రాష్ట్రాల్లో ఈ శాస్త్రాన్ని గౌరవించింది హైదరాబాద్ లోక్‌సభ స్థానం ఒక్కటే అనిపిస్తుంది, పోలింగ్ 48.48 శాతం దగ్గర ఆగింది. అదే రోజు ఆంధ్రప్రదేశ్‌లో 81.86. ఇంత తెలివితక్కువ రాష్ట్రం ఎక్కడైనా ఉంటుందా?

అందులో మా పెదనాన్న వాటా కూడా ఉంది. కూకట్‌పల్లిలో కొడుకు దగ్గర ఉంటాడు, ఓటు మాత్రం పల్నాడులో, దాచేపల్లి అవతల మా ఊళ్ళో. ప్రైవేటు బస్సువాడు మామూలు టికెట్టుకి మూడింతలు గుంజాడు, పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్లు బారులు తీరి రెండు గంటలు కదల్లేదు, మోకాళ్ళకి రాసుకునే మందు బస్సులోనే సగం సీసా అయిపోయింది. పోలింగ్ రోజు సాయంత్రం నాలుక్కి లైన్లో నిలబడితే వేలికి సిరా పడేసరికి రాత్రి తొమ్మిదిన్నర. నేను కాగితం మీద డౌన్స్ లెక్క వేసి చూపించాను, పెదనాన్నా, నీకు శుద్ధ నష్టం అని. ఆయన కాగితం వంక కూడా చూడలేదు. "ఎయ్యకపోతే రేపు ఊళ్ళో ఏ మొహం పెట్టుకుని తిరగాల్రా?" అన్నాడు.

ఈ ముక్క శాస్త్రానికి అర్థం కావడానికి చాలా ఖర్చయింది. 1968లో రైకర్, ఆర్డెషుక్ అనే ఇద్దరు, జనం ఎలాగూ వెళుతున్నారు కదా అని, పాత సూత్రానికి 'పౌరధర్మం నెరవేర్చిన తృప్తి' అని ఇంకో అక్షరం తగిలించారు. పప్పు చిక్కబడితే నీళ్ళు పోసినట్టన్నమాట. తర్వాత 2006లో అమెరికాలోని మిషిగన్‌లో పరిశోధకులు వేల ఇళ్ళకి ఉత్తరాలు పంపారు: మీ వీధిలో ఎవరు ఓటేశారో, ఎవరు ఎగ్గొట్టారో ఇదిగో జాబితా, ఈసారి అయ్యాక మళ్ళీ పంపిస్తాం అని. దెబ్బకి ఓటింగ్ 29.7 నుంచి 37.8 శాతానికి లేచింది, ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. మా ఊళ్ళో ఈ ప్రయోగాన్ని బూత్ ఏజెంటు ఉత్తరాలూ స్టాంపులూ లేకుండా ప్రతి ఎన్నికకీ చేస్తాడు. మూడు గంటలయ్యేసరికి జాబితాలో టిక్కులు చూసుకుని, ఆటో ఇచ్చి కుర్రాణ్ణి పంపిస్తాడు. "అత్తా, మీ ఇంట్లో ఇంకా రెండు ఓట్లు పడలా."

ఓట్ల కొనుగోలు గురించీ బోలెడు పరిశోధన ఉంది. రహస్య బ్యాలెట్‌లో డబ్బు తీసుకున్నవాడు ఆ పార్టీకే వేస్తాడని గ్యారంటీ ఏంటి, మరి ఎందుకు పంచుతారు అని తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నికలో కవర్లు మాకెందుకు రాలేదని జనం రోడ్డెక్కి ధర్నా చేశారు. దీనికి ఏ సూత్రంలో ఏ అక్షరం కేటాయిస్తారో నాకైతే తోచడం లేదు.

ఇక అంతర్యుద్ధాలు. ఫియరన్, లైటిన్ అనే ఇద్దరు అమెరికా ప్రొఫెసర్లు 2003లో 1945 నుంచి 1999 దాకా 127 అంతర్యుద్ధాలు లెక్కపెట్టి, కారణం జాతుల తేడాలకంటే పేదరికం, కొండలు గుట్టలు, బలహీన ప్రభుత్వాలు అని తేల్చారు. కోడిపందెం ఊసే లేదు. పల్నాటి యుద్ధం దేనితో మొదలైందో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్పేవాడు! పైగా వాళ్ళ జాబితాలో ఎక్కాలంటే మొత్తం కనీసం వెయ్యిమంది పోవాలి, అందులో రెండువైపులా వందేసి మందైనా ఉండాలి. ఏకపక్షంగా చస్తే చెల్లదు. స్వీడన్‌లో ఉప్సాలా విశ్వవిద్యాలయం వాళ్ళు కాస్త దయగలవాళ్ళు, ఏడాదికి 25 చావులుంటే సాయుధ ఘర్షణ కింద రాసుకుంటారు.

ఇక్కడే మా జిల్లాకి అన్యాయం జరిగింది. 2024లో మాచర్ల నియోజకవర్గంలో బూత్‌లోనే ఈవీఎంని నేలకేసి కొట్టడం దేశమంతా వీడియోలో చూసింది. పోలింగ్ అయ్యాక పల్నాడులో 144 సెక్షన్ పెట్టారు, కలెక్టర్ బదిలీ అయ్యాడు, ఎస్పీ సస్పెండయ్యాడు, సిట్ వేశారు. ఇంత జరిగినా చావులు పాతిక అందలేదు. అంటే పుస్తకం ప్రకారం మాది ప్రశాంతమైన ప్రాంతం.

ఈ సంగతి పెదనాన్నకి ఫోన్లో చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ఆ స్వీడన్ వాళ్ళ కాగితం ఏదో తెప్పించరా. మాచర్ల సెంటర్లో ఫ్లెక్సీ కట్టిద్దాం. రెండు పార్టీల రంగులూ పడేట్టు చూడు, లేకపోతే దానికి మళ్ళీ గొడవ."